పదిహేడుమంది కఫీళ్లు

సిద్ధమ్మకు ఒక అలవాటుంది. కొత్త వస్తువేదైనా కంటబడితే, అదేమిటో, ఎందుకో అడిగి తెలుసుకునేదాకా ఆమెకు అన్నం సయించదు. కువైట్‌కు వచ్చిన కొత్తలో ఇంటి యజమానురాలు, అంటే ఆమె ‘మామా’ అని పిలిచే ఇల్లాలు, "నువ్వు పనికొచ్చావా, పోలీసు విచారణకొచ్చావా?" అని విసుక్కునేది. అయినా మానలేదు. మానదు కూడా. నందలూరు రైలు స్టేషన్ పక్కన, గ్యాంగుమన్ నాగేశ్వర ఇంట్లో పుట్టిన మనిషి. పోయే ప్రతి రైలునూ చూసి ఇదెక్కడికి, అదెక్కడికని అడుగుతూ పెరిగిన నోరు. అరబ్బు దేశానికి వస్తే మాత్రం మూతబడుతుందా!

అందుకే 1990 ఆగస్టులో, ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చి పడిన పద్దెనిమిదో రోజున, జాబ్రియాలోని ఆ ఇంటి మేడమీద గదిలో దుప్పటంత కాగితం నేలమీద పరిచి ఉండడం చూసి, చీపురు పక్కన పెట్టి అక్కడే కూలబడింది.

"ఏంది బానూ ఇది?"

బాను అంటే షహర్‌బాను. ఆ ఇంటికి ఒక్కగానొక్క కూతురు, ఇరవై ఏళ్లది, యూనివర్సిటీలో చదువుతోంది. తండ్రి వ్యాపారం పనిమీద కైరో వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. వీధుల్లో సైనికులు. ఈడొచ్చిన పిల్లను మామా కిటికీ దగ్గరికి కూడా రానివ్వడం లేదు. ఇంట్లో మిగిలింది ముగ్గురు ఆడవాళ్లు. రొట్టెల దుకాణం దగ్గర వరసలో నిలబడి రొట్టె తెచ్చేది సిద్ధమ్మ. సైనికులు తలుపు తడితే వెళ్లి తీసేదీ ఆమే. "నేను హిందీ. ఇంట్లో బాబా లేడు," అని చేతులూపుకుంటూ చెప్పేది. అరబ్బీలో హిందీ అంటే ఇండియా మనిషి, బాబా అంటే ఇంటాయన. ఇండియావాళ్లంటే వాళ్లు అంతగా పట్టించుకునేవారు కాదు, వెళ్లిపోయేవారు. తలుపు వేశాక గడియ రెండుసార్లు తడిమి చూసుకునేది.

సిద్ధమ్మా బానూ మాట్లాడుకునేది వంటింటి అరబ్బీ. అందులో కాస్త ఉర్దూ, కాస్త ఇంగ్లీషు. ఆ కలగాపులగాన్ని ఇక్కడ తెలుగులోనే చెప్పుకుందాం.

"యూరప్," అంది బాను. "ఈ ఎర్రగీతలన్నీ రైలు పట్టాలు."

"ఇన్ని పట్టాలా!" సిద్ధమ్మ కాగితం మీదికి వంగింది. "మీ దేశంలో ఒక్క పట్టా గూడా ల్యాకపాయె. నీకు రైళ్లతో ఏం పని?"

అదీ నిజమే. కువైట్ మొత్తం మీద రైలన్నది లేదు. నాలుగేళ్లుగా రైలు కూత వినకుండా ఎట్లా నిద్రపోతోందో సిద్ధమ్మకే తెలియదు.

బాను చెప్పింది. ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఆగస్టు పదిన పారిస్‌లో రైలెక్కాల్సింది. తండ్రిని ఏడాదిపాటు బతిమాలితే ఒప్పుకున్నాడు. "ఇంట్లో మూడు కార్లుంటే, బెంచీల మీద కూర్చొని పోతానంటావేమే?" అని నవ్వి, జూలైలో డబ్బిచ్చాడు. బాను పక్కనున్న కవరులోంచి ఒక కాగితం తీసి చూపించింది.

"ఇది పాసు. నెల రోజులు, పదిహేడు దేశాలు. ఏ రైలైనా ఎక్కొచ్చు, ఎక్కడైనా దిగొచ్చు. మళ్లీ టికెట్ కొనే పనిలేదు."

"లండనుకు గూడానా?"

"లండన్ ఇందులో లేదు."

"ఓసినీ! పదిహేడు దేశాలు కలిపినోళ్లకు అదొకటి ఎచ్చయిందా?" సిద్ధమ్మ పాసును వెలుతురుకు పెట్టి చూసింది. "మా నాయనకూ ఉండె పాసు. ఏడాదికొకతూరి బొంబాయి దాకా పోయొస్తాంటిమి. ఈడ ఈ గడి ఖాళీగా ఉండాదేమి?"

"మొదటి స్టేషన్‌లో అక్కడ తేదీ ముద్ర వేస్తారు. ఆ రోజు నుంచి నెల లెక్క. కొన్న ఆరు నెలల్లోపు ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు."

"అయితే జనవరి దాకా బతికే ఉంటాదిది," అంది సిద్ధమ్మ. "కానీ మరి, ఏ రైలు ఎక్కుతావో రాయి."

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు బాను లేచి నోటుపుస్తకం తెచ్చింది. చేసిన ప్రయాణం ఎట్లాగూ లేదు. చేయబోయే ప్రయాణమైనా ఉండాలి కదా మనిషికి.

అట్లా మొదలైంది. పొద్దున్నే రొట్టె తేవడం, వంట, ఊడవడం, తుడవడం, ఆ తర్వాత మేడమీద యూరప్. ఇటుకంత లావున్న రైళ్ల వేళల పుస్తకం బాను ఒళ్లో ఉండేది. తక్కువ ఖర్చుతో తిరిగే విద్యార్థుల కోసం రాసిన ఇంకో పుస్తకం పక్కన ఉండేది. బాను చదివేది, సిద్ధమ్మ వంకలు పెట్టేది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ గదిలో రైలు ప్రయాణం తెలిసిన మనిషి సిద్ధమ్మే. బాను విమానాల్లో తిరిగిన పిల్ల. సామాను ఎవరో మోస్తారు, దారి ఎవరో చూపిస్తారు.

"ఇక్కడ దిగి, ఐదు నిమిషాల్లో మిలాన్ రైలెక్కుతాను," అంది బాను.

"ఐదు నిమిషాలా! గుంతకల్లులో ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకో ప్లాట్‌ఫారానికి పోవాలంటేనే పావుగంట. మూటలు నెత్తిన పెట్టుకొని మెట్లెక్కి దిగాల. నువ్వు దిగే రైలు ఆలస్యమైతే?"

"అక్కడ రైళ్లు ఆలస్యం కావట."

"రైలన్నాక ఆలస్యం గాకుండా ఉంటాదా? రొంత ఎచ్చు పెట్టు. ముప్పావుగంట రాయి."

బాను రాసింది. హోటల్ ఖర్చు మిగలాలంటే దూరపు రైళ్లలోనే రాత్రి నిద్రపోవాలని పుస్తకం చెప్పింది. సిద్ధమ్మ అది విని మెచ్చుకుంది. పుస్తకం రాసినవాడు తెలివైనవాడే, బీదాబిక్కీ కష్టం తెలిసినవాడే అని సర్టిఫికెట్ ఇచ్చింది. తిండికి మాత్రం ఒప్పుకోలేదు. స్టేషన్ దగ్గర రొట్టె కొనుక్కోమంటాడేమిటి? చింతపండు పులిహోర చేసి పట్టుకుపోతే మూడు రోజులు చెక్కుచెదరదు. స్విట్జర్లాండ్ చలికి అయిదు రోజులు కూడా ఉండొచ్చు. బాను నవ్వుతూ "పులిహోర" అని అరబ్బీ అక్షరాల్లో రాసుకుంది.

ఒకరోజు పెద్ద కొండ కింద సొరంగం వచ్చింది. రైలు అందులోకి ఒక దేశంలో దూరి ఇంకో దేశంలో బయటికొస్తుందని బాను చెప్పేసరికి సిద్ధమ్మ నోరు తెరిచింది. "నడుమ చీకట్లో ఏ దేశమని తెలుస్తాది? గోడమీద గీత గీసుంటారా?" బానుకు తెలియదు. రెండు పుస్తకాలూ వెతికింది, దొరకలేదు. ఆ ప్రశ్న అట్లాగే నోటుపుస్తకంలో రాసిపెట్టింది, అక్కడికి వెళ్లినప్పుడు చూడాలని. వీధిలో సైనికుల లారీలు పోతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. ఇద్దరూ తలెత్తలేదు.

కానీ సిద్ధమ్మ కడుపులో ఉన్న బాధ వేరు. నందలూరులో ఆమె కూతురు రమణికి పదకొండేళ్లు. ఆగస్టు రెండు నుంచి ఉత్తరాల్లేవు, ఇండియాకు ఫోన్లు లేవు. అమ్మ బతికుందో లేదో ఆ పిల్లకు తెలియదు.

సెప్టెంబరులో ఒక పొద్దున, రొట్టెల వరసలో హుస్సేన్ పీరా కనబడ్డాడు. రాయచోటివాడు, పక్కింటి డ్రైవరు.

"సిద్ధక్కా, సాల్మియా ఇస్కూలు కాడి నుంచి మనోళ్లకు బస్సులు పోతాండాయి. బస్రా, బాగ్దాదు మింద అమ్మానుకు. ఆడి నుంచి బొంబాయికి ఇమానం ఊరికేనే. నేను బేస్తవారం పోతాండా. నీ పాసుపోర్టు తెచ్చుకో, పేరు రాయిస్తా."

"పాసుపోర్టు లేకుంటేనో?"

"లేకుంటే దానికి బదులు ఎంబసీవాళ్లు తెల్లకాయితం ఇస్తారంట. ఆ లైను సూస్తే గుండె అవిసిపోతాది. ఎప్పుడొస్తాదో అల్లాకే తెలుసు. మా కఫీలు పారిపోతా పారిపోతా నాది నా మొగాన కొట్టి పోయినాడు, పుణ్యాత్ముడు."

కఫీల్ అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న యజమాని. దిగిన రోజే పాస్‌పోర్టు అతని చేతికి వెళ్తుంది. అది ఎంత మామూలంటే, గడప బయట చెప్పులు విడిచినంత మామూలు. ఎందుకని అడగాలని సిద్ధమ్మకే తోచలేదు. అన్నీ అడిగే సిద్ధమ్మకు!

ఇంటికి రాగానే మామాను అడిగింది. మామా జపమాల తిప్పుతూ, కళ్లెత్తకుండా చెప్పింది. "బాబా ఆఫీసులో ఉండేది. ఆఫీసును సైనికులు దోచుకున్నారు. ఖలాస్."

ఖలాస్ అంటే అయిపోయినట్టే. సిద్ధమ్మ వంటింట్లోకి వెళ్లి, కొళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఏడ్చింది. మొహం కడుక్కుని మేడమీదికి వెళ్లింది. వెళ్లకుండా ఉంటే పిచ్చెక్కేట్టుంది.

ఆ రోజుకు బాను ప్లాను పూర్తయింది. ముప్పై రోజులూ వరసగా రాసింది. గొంతు సవరించుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. సిద్ధమ్మ చెంపకు చెయ్యి చేర్చి విన్నది.

"రైళ్లు బాగున్నాయి," అంది. "ఒకటి మరిసిపోయినావు. ఈ పదిహేడు దేశాల్లో నీ కఫీళ్లు ఎవురు?"

"కఫీళ్లా?"

"అదే. రైలు దిగతానే పాసుపోర్టు ఆయన చేతికి ఇయ్యాల గదా. మళ్లా పొయ్యేటప్పుడు అడిగి తీసుకోవాల. ఆయన ఊర్లో లేకపోతే? ఆఫీసులో ఉండాది, రేపు రాపో అంటే? దానికి నువ్వు ఒక్క దినం గూడా పెట్టుకోల్యా. నీ ప్లాను చెడేది ఆడనే సూడు."

బాను ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పగలబడి నవ్వింది. నెలన్నరగా ఆ ఇంట్లో అంత నవ్వు వినబడలేదు. పొట్ట పట్టుకుని, పటం మీద పడి దొర్లి, "పదిహేడుమంది కఫీళ్లు!" అంటూ కళ్లు తుడుచుకుంది. సిద్ధమ్మ కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

"అక్కడ కఫీళ్లుండరు సిద్ధమ్మా. విను, పుస్తకంలో ఏముందో." బాను పేజీలు తిప్పి చదివింది. "‘డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. పాస్‌పోర్టు మాత్రం ఎప్పుడూ మీ ఒంటిమీదే ఉండాలి. ఎవరికీ దాచమని ఇవ్వకండి.’"

"ఎవురికీనా?"

"ఎవరికీ."

"పండుకోను జాగా ఇచ్చినాయనకు గూడా?"

"చూపించాలి, వెంటనే తీసుకోవాలి."

"అన్నం పెట్టినోళ్లకు?"

బాను నవ్వు ఆగిపోయింది.

"ఆ మాట యాడ రాసిండారో చూపీ," అంది సిద్ధమ్మ. ఇంగ్లీషు ఆమెకు రాదు. బాను వేలితో చూపించిన వరస మీద తన వేలు పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరికి నెమ్మదిగా జరిపింది. "అచ్చేసి మరీ చెప్పినారే. నాకెవురూ చెప్పల్యా."

"నీది ఎక్కడుంది?" బాను గొంతు మారింది.

"బాబా ఆఫీసులో ఉండెనంట. సిపాయిలు దోచుకున్నారంట. మామా చెప్పింది."

బాను లేచింది. రైలు పాసు తెచ్చుకోవడానికి కిందటి నెల తల్లి బీరువా తెరిచినప్పుడు, మూడు సింహాల బొమ్మ ఉన్న నీలం అట్ట ఆమె కంటబడింది. అది ఎవరిదో ఆలోచించలేదు. ఆలోచించాల్సిన విషయమని ఎవరూ నేర్పలేదు. ఆమె మెట్లు దిగుతుంటే సిద్ధమ్మ వెనకే పరిగెత్తింది.

మామా గదిలో తల్లీ కూతుళ్ల అరబ్బీ వేగానికి సిద్ధమ్మకు సగమే అర్థమైంది. బాను దిండు కింది తాళంచెవి లాక్కుని బీరువా తెరిచింది. కాగితాల కింద చెయ్యి పెట్టి నీలం పుస్తకాన్ని బయటికి తీసింది. "ఇదిగో!" అని గెలిచినదానిలా సిద్ధమ్మ చేతిలో పెట్టింది.

సిద్ధమ్మ తెరిచింది. లోపల ఫోటో ఉంది. కోలమొహం, పెద్ద బొట్టు, కొత్త చీర.

"ఇది నేను గాదు," అంది.

బాను దాన్ని తీసుకుని పేరు చదివింది. చదివి, మంచం అంచున కూర్చుండిపోయింది. "గంగారత్నం," అంది. "నువ్వు రాకముందు ఇక్కడ పనిచేసేది. నాకు జడలల్లేది. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి లేదు." ఆమె తల్లి వైపు తిరిగింది. "యుమ్మా, ఆమె వాళ్ల దేశం వెళ్లిపోయిందన్నావు!"

"పారిపోయింది," అంది మామా. "ఆరేళ్లయింది."

సిద్ధమ్మ ఆ పుస్తకాన్ని చూసింది, మామాను చూసింది. నిలువెల్లా మండిపోయింది. అయినా నోటినుంచి వచ్చింది ప్రశ్నే, అలవాటు ఎక్కడికి పోతుంది.

"ఇది ఈడుంటే, ఆయమ్మ ఊరికెట్ల పోయింది?"

మామా లేచి, బీరువా వెనక అరలో ఒక గుడ్డసంచి విప్పి, ఇంకో నీలం పుస్తకం తీసింది. అందులో సిద్ధమ్మ ఉంది, నాలుగేళ్ల కిందటి సిద్ధమ్మ, ఫోటో తీసేవాడు కదలొద్దంటే ఊపిరి బిగబట్టిన మొహంతో.

"నువ్వు వెళ్తే రొట్టెకు ఎవరెళ్తారు?" మామా ఆ పుస్తకాన్ని ఆమె చేతిలో పెట్టింది. "వాళ్లు తలుపు తడితే ఎవరు తీస్తారు? నా కూతురా? భయమేసింది సిద్ధమ్మా. భయంతో అబద్ధమాడాను."

సిద్ధమ్మకు జాలేసింది. కోపం మాత్రం పోలేదు.

"ఉండమని అడిగింటే ఉంటాంటినేమో మామా. నువ్వు అడగల్యా. దాచిపెట్టినావు."

"ఇప్పుడు అడుగుతున్నాను."

"ఇప్పుడు గాదు. ఆడ నా బిడ్డ రోజూ ఏడుస్తాంటాది."

ఆ సాయంత్రం బాను నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పి ఇంకో ప్రయాణం రాసింది. జాబ్రియా, సాల్మియా, బస్రా, బాగ్దాద్, అమ్మాన్, బొంబాయి, నందలూరు. ఎక్కడ ఎన్ని గంటలో ఏ పుస్తకంలోనూ లేదు. ఎడారిలో ఎన్ని రోజులు ఆపుతారో చెప్పే వేళల పట్టిక ఎవరూ అచ్చువేయలేదు. నీళ్లు ఎన్ని సీసాలు, రొట్టెలు ఎన్ని అని ఇద్దరూ వాదించుకున్నారు. పాస్‌పోర్టు ఒంటిమీద కట్టుకోవడానికి బాను తన దిండు గలీబు కత్తిరించి సంచి కుట్టింది. కుట్లు వంకరటింకరగా వచ్చాయి.

బుధవారం పొద్దున సిద్ధమ్మ మామాను రొట్టెల దుకాణానికి వెంటబెట్టుకు వెళ్లింది. జన్మలో ఏ వరసలోనూ నిలబడని మనిషి, పాత అబాయా వేసుకుని ఆమె వెనకాల నిలబడింది. ఆడవాళ్ల వరస ఏదో, ఎన్నింటికి రావాలో, సైనికుడు మాట్లాడిస్తే ఏ మాత్రం మాట్లాడాలో సిద్ధమ్మ చెప్పింది. మామా చిన్నపిల్లలా తలూపింది. రొట్టెలు చేతికి వచ్చాక సిద్ధమ్మ చెయ్యి పట్టుకుని ఇంటిదాకా వదల్లేదు.

గురువారం పొద్దున హుస్సేన్ పీరా వచ్చి హారన్ కొట్టాడు. బాను కౌగిలించుకుని ఏడ్చింది. సిద్ధమ్మ తన పాస్‌పోర్టు సంచిలో పెట్టి నడుముకు కట్టుకుంది. రెండోది చేతిలో పట్టుకుని మామా ముందు నిలబడింది.

"ఇది గూడా తీసకపోతాండా," అంది. అడగలేదు, చెప్పింది. మామా తలవంచుకుంది.

సాల్మియా బడి ఆవరణంతా మనుషులే. మూటలు, పిల్లలు, ట్రంకుపెట్టెలు. ఒకవైపు నాలుగు బస్సులు నిలబడి ఉన్నాయి. ఇంకోవైపు గోడపొడుగునా, పాస్‌పోర్టు లేక తెల్లకాగితం కోసం నిలబడ్డవాళ్ల వరస. ఆ వరసలో ఎక్కువమంది ఆడవాళ్లే, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు. కొందరు నిలబడలేక నేలమీద చతికిలబడ్డారు.

"ఎక్కక్కా, సీటు పోతాది," అన్నాడు దారిలో సంగతంతా విన్న హుస్సేన్ పీరా. "ఆరేండ్ల నాటి మనిషిని ఈడ యాడ వెతుకుతావు? సచ్చిందో బతికిందో!"

"అడిగితే ఏం పోతాది? రొంతసేపు ఆపీ బస్సును," అంది సిద్ధమ్మ.

వరస మొదటికి వెళ్లి, నీలం పుస్తకాన్ని తలమీదికెత్తి పట్టుకుంది. "గంగారత్నం! గంగారత్నం ఉండాదా ఈడ?" అని అరుచుకుంటూ గోడ వెంబడి నడిచింది. జవాబు రాలేదు. కానీ నడుస్తున్నకొద్దీ తలలు ఆమె వైపు తిరిగాయి. కూర్చున్నవాళ్లు లేచారు. ఎవరూ ఆమె మొహం చూడడం లేదు. అందరి కళ్లూ ఆమె చేతిలోని పుస్తకం మీదే ఉన్నాయి.

ఒక ముసలామె వరస విడిచి వచ్చి ఆమె కొంగు పట్టుకుంది.

"నా పేరు గంగారత్నం కాదమ్మా," అంది గోదావరి యాసలో. "నాది కూడా ఏమైనా తెచ్చేవేటి?"

ఆమె వెనకనుంచి ఇంకొకామె అడిగింది. ఆ తర్వాత ఇంకొకామె.